మౌన సమ్మతి చెల్లదు

మహబూబ్‌నగర్ జిల్లా కొత్తకోటలో ఉంటున్న, మర్హూం (కీర్తిశేషులు) పీర్ మహమ్మద్ గారి భార్య బషీరున్నీసా అనే నేను, జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని, సొంత దస్తూరీతో రాస్తున్న వీలునామా ఇది. మతి స్థిమితంగానే ఉంది. మోకాళ్లే మాట వినడం లేదు. చట్టం మోకాళ్ల సంగతి అడగదు కాబట్టి ఈ పత్రానికి ఢోకా లేదు. ఎవరి నిర్బంధమూ లేకుండా రాస్తున్నాను అని కూడా రాయాలట. రాశాను. రాస్తూ నవ్వుకున్నాను, ఎందుకంటే వరండా కటకటాలకు బయటి నుంచి తాళం వేసి ఉంది.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత చరిత్ర అధ్యాపకుడు రఘుపతి గారిది. స్టాఫ్‌రూంలో ఆయన నాతో ఏ ఒక్క విషయంలోనూ ఏకీభవించలేదు, ఆ మాట నా ముఖం మీదే చెప్పేవాడు. అందుకే ఆయన్ని నమ్ముతున్నాను.

2. కొత్తకోటలో రోడ్డు మీది ఈ ఇల్లు, ముందున్న మోటార్ల దుకాణంతో సహా, నా ఏకైక వారసుడు, నా కొడుకు అబ్దుల్ హమీద్‌కు చెందాలి. నేను రాయకపోయినా షరియత్ ప్రకారం అతనిదే. హమీద్ చెడ్డవాడు కాదు. తండ్రి చనిపోయిన ఏడాది ఈ కటకటాలు పెట్టించాడు. "అమ్మీ, రోడ్డు మీది ఇల్లు, దొంగలు తిరుగుతున్రు. నువ్వు జర ఫికర్ చెయ్యకు" అన్నాడు. దుకాణానికి పోతూ తాళంచెవి జేబులో వేసుకుపోతాడు. ఇటు హైదరాబాద్‌కు, అటు బెంగుళూరుకు పోయే లారీలన్నీ నా కళ్ల ముందే పోతుంటాయి. లోకమంతా కదులుతుంటే చువ్వలు పట్టుకుని చూస్తూ కూర్చోవడం ఎంత ఉక్కగా ఉంటుందో నా కొడుక్కి తెలియదు. ఒకరోజు లోపల కూర్చుని చూడమని కోరుతున్నాను.

3. నా ఇత్తడి పాన్‌దాన్ మా అక్క లాడ్లీ బేగానికి. ఎప్పటి నుంచో దాని మీద కన్నేసింది. తీసుకునే ముందు ఒక మాట వినాలి. నా నిఖా రోజున పరదా అవతల నా తరఫున సమ్మతి అడిగే వకీలు, ఇద్దరు సాక్షులు నిలబడి ఒప్పుకున్నావా అని మూడుసార్లు అడిగారు. నేను నోరు తెరవలేదు. అప్పుడు నాకింకా చదువుకోవాలని ఉండేది. మూడోసారి అక్క నా మెడ మీద చెయ్యి వేసి తల వంచింది. చెవుల ఝుంకాలు గలగలమన్నాయి. "సిగ్గుపడ్తాంది, ఒప్పుకున్నట్టే రాస్కోండ్రి" అని గట్టిగా చెప్పింది. రాసుకున్నారు. పీర్ మహమ్మద్ గారు మంచివారు, తరవాత నన్ను చదివించింది ఆయనే. మంచివాడు దొరికాడు కదా, ఇంకా ఆ గొడవెందుకు అంటుంది అక్క. మంచివాడా కాదా అన్నది కాదు నా గొడవ. ఆ రోజు సమాధానం చెప్పింది నా ఝుంకాలు, నేను కాదు.

4. నా నల్ల గొడుగు లెక్కల లెక్చరర్ జానమ్మకు. ఒక ఊచ వంగిపోయింది, బాగు చేయించుకోవాలి. ఇంటి నుంచి కాలేజీ దాకా ఆ గొడుగు కింద మాట్లాడుకున్నంత ధారాళంగా నేనింకెక్కడా మాట్లాడలేదు. జానమ్మా, నిన్ను తలుచుకోని రోజు లేదు.

5. నల్గొండలో బస్టాండు వెనక, నా సొంత జీతంతో కట్టుకున్న రెండు గదుల ఇల్లు, నా ఆస్తిలో మూడో వంతు లోపే కనుక, హమీద్ కూతురు జాహేదాకు రాస్తున్నాను. కారణం చెప్పాలి.

సామాజిక ఒడంబడిక సిద్ధాంతం పాఠంలో మౌన సమ్మతి అని ఒక భాగం ఉంటుంది. ఒక రాజ్యంలో నివసిస్తూ, దాని రహదారుల మీద నడుస్తూ, దాన్ని వదిలిపోనివాడు నోరు విప్పకుండానే ఆ రాజ్యానికి సమ్మతించినట్టు లెక్క. రహదారి పక్కనే కాపురముంటూ, సర్వీసంతా ఆ పాఠం చెప్పాను. పిల్లలు రాసుకున్నారు, మార్కులు తెచ్చుకున్నారు. మొన్న బి.ఏ. పరీక్షకు చదువుతూ జాహేదా పుస్తకం మూసి అడిగింది: "పోనీకి జాగా లేనోళ్లు గూడ ఒప్పుకున్నట్టేనా దాదీ?"

ఆ పిల్ల అడిగింది రాజ్యం గురించి కాదు. వచ్చే శుక్రవారం ఆమె నిఖా. అబ్బాయిని ఫోటోలో మాత్రమే చూసింది. హమీద్‌ను నేను నిలదీస్తే, "పిల్ల ఏమంటలేదు గద అమ్మీ, అంటే ఒప్పుకున్నట్టే గద" అన్నాడు. మౌన సమ్మతి మాట చెప్పిన తత్వవేత్త ఎవరో నా కొడుక్కి పేరు కూడా తెలియదు. సిద్ధాంతం మాత్రం నోటికొచ్చు. ప్రభుత్వాలకూ వచ్చు. ఓటు వేసి ఇంటికొచ్చి ఊరుకున్నవాళ్లందరినీ అవి ఈ లెక్కలోనే వేసుకుంటాయి. నాకు తెలిసింది ఇది: వెళ్లిపోవడానికి వేరే గుమ్మం ఉన్నవాడు ఊరుకుంటే అది సమ్మతి కావచ్చు. లేనివాడు ఊరుకుంటే అది ఊరుకోవడమే.

6. ఇక్కడిదాకా రాశాక కలం ఆగింది. వీలునామా నేను చస్తేనే పనిచేస్తుంది. శుక్రవారం లోపు చచ్చే సూచనలేవీ నాలో లేవు. ఇంత చదివి ఈ చిన్న సంగతి మరిచాను. కాబట్టి అయిదో నిబంధనను కొట్టేస్తున్నాను. ఆ ఇంటిని ఈ రోజే హిబా కింద, అంటే బతికుండగానే దానంగా, జాహేదాకు ఇచ్చేస్తున్నాను. హిబా చెల్లాలంటే ఇచ్చేవారు ఇచ్చానని చెప్పాలి, పుచ్చుకునేవారు ఒప్పుకోవాలి, స్వాధీనం చేయాలి. అద్దెకున్నవాళ్లు పోయిన నెలలోనే ఖాళీ చేశారు. తాళంచెవి నా దగ్గరే ఉంది.

సాక్షులుగా పిలిపించిన జానమ్మ, రఘుపతి గార్ల ఎదుట, పుచ్చుకుంటావా అని అడిగాను. జాహేదా తల దించుకుంది. మళ్లీ అడిగాను. కళ్లనీళ్లు పెట్టుకుంది. జానమ్మ జాలిపడి, "రాసెయ్ బషీరూ, పిల్ల ఒప్పుకున్నట్టేనాయె" అంది. రాయనన్నాను. ప్రాణంలాంటి స్నేహితురాలి మీద కూడా కోపమొచ్చింది. మూడోసారి అడిగాను. పిల్ల తలెత్తి, "శుక్రారం నేను ఊ అన్నా, వద్దన్నా, ఇల్లు నాదేనా దాదీ?" అంది.

నీదే అన్నాను.

"తీస్కుంటున్న" అంది. లారీ పోతున్నా వినిపించేంత గట్టిగా అంది. తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను.

కొత్తకోట, 1997 ఆగస్టు 14.

(సం.) బషీరున్నీసా

సాక్షులు:
జానమ్మ, గణిత అధ్యాపకురాలు
రఘుపతి, చరిత్ర అధ్యాపకుడు

గమనిక: కటకటాల తాళంచెవి హమీద్ జేబులో ఉన్నందున సాక్షులిద్దరూ బయటే నిలబడి, చువ్వల సందులోంచి కాగితం అందుకుని సంతకాలు చేశారు. పుచ్చుకున్న పిల్ల లోపలే ఉంది.