ఆటపెట్టెలో తాండూరు బండల దుమ్ము

ఖాజా భాయ్,

నువ్వు పోయి నేటికి ఏడాది. దుబాయ్ నుంచి నీ అల్లుడు తెచ్చిన టీవీ ఆటపెట్టెను నీ బిడ్డ నజ్మా మన రేడియో రిపేరు దుకాణానికి పట్టుకొచ్చింది. మీట తిప్పితే తెరమీద బంతిని కొట్టే గీత గంతులేస్తోంది.

"అందరు పారెయ్యమంటున్నరు చాచా. అబ్బాజాన్, నేను కలిసి ఆడిన ఆట, ఎట్ల పారేస్త?"

ఫారిన్ సరుకు కదా అని రెండు రోజులు లోపలి తీగలన్నీ భక్తిగా పరీక్షించాను. తీరా చూస్తే రోగం మీటలో ఉంది. రేడియోలో గొంతు పెంచే మీటలాంటిదే అది, నిండా మన తాండూరు బండలు కోసే దుమ్ము. ఆ దుమ్ముకు దుబాయ్ అయినా మన పక్క దౌల్తాబాద్ అయినా ఒకటే. పెట్రోలులో ముంచిన దూదితో తుడిస్తే గీత బుద్ధిగా కదిలింది.

నజ్మా నన్ను మూడుసార్లు ఓడించింది.

"బాగు చేసుడు వచ్చింది గని, ఆడుడు రాలే చాచా!"

గెలిచినవాళ్లే చాయ్ తాపాలనేవాడివి కదా, తనే హోటలుకు కేకేసి మూడు చెప్పింది. ఉన్నది ఇద్దరమే అయినా నేను సరిదిద్దలేదు. రెండు కప్పులు నేనే తాగాను.