తెల్ల జింకలు నన్ను చూసి పరుగెత్తాయి

సిరిసిల్లలో ఉన్న లక్ష్మక్కకు ఒమన్ ఎడారి నుంచి తమ్ముడు రాజేశం దండాలు పెట్టి రాస్తున్నాను. నా ఒంట్లో బాగానే ఉంది, దిగులు పడకు. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బావకు సాంచల మీద నేత పని రోజూ దొరుకుతున్నదా? ఇక్కడ ఫోను సరిగా కలవదు. మా క్యాంపులోని గొల్లపల్లి అతను సెలవు మీద వస్తుంటే ఈ ఉత్తరం అతని చేతికి ఇస్తున్నాను.

ఎండ సంగతి చెప్పలేను. పొద్దెక్కితే ఇనుప గేటు ముట్టుకోలేం. పప్పు, అన్నం నేనే వండుకుంటున్నాను. నువ్వు పంపిన మామిడి తొక్కు అయిపోయింది, వీలైతే మళ్లీ పంపు.

నా పని తెల్ల జింకలకు గడ్డి వేయడం, నీళ్లు పెట్టడం. పొడుగు కొమ్ములతో ఆవుదూడంత ఉంటాయి. మా ముసలి కావలివాడు సాలెం తనకొచ్చిన హిందీలో వాటి సంగతి చెప్పాడు. "నా చిన్నప్పుడు జీపులల్ల వచ్చి కాల్చిర్రు. ఈ ఎడారిల ఒక్కటి మిగల్లే" అన్నాడు. పరదేశాల జూలలో మిగిలినవాటిని తెచ్చి, కంచెలో పెంచి, మళ్లీ మంద చేశారట.

ఈమధ్య కొన్నింటిని బయటికి వదిలారు. తల్లి చస్తే నేను సీసాతో పాలు పట్టి సాకినది కూడా అందులో ఉంది. మిగతావి వెళ్లిపోయాయి. అది మాత్రం తిరిగొచ్చి, కంచెకు మూతి ఆనించి నిలబడింది. గేటు తీస్తే ఇక బయట బతకడం నేర్చుకోదని, తీయొద్దని ఆఫీసరు చెప్పాడు. నేను తీయలేదక్కా. ఒకనాడు పొద్దున చూస్తే తిండి, నీళ్లు లేక అక్కడే చచ్చిపడి ఉంది. సాలెం, నేను కలిసి పూడ్చాం. ఆ రోజు అన్నం సయించలేదు.

తర్వాత సాలెం నన్ను బండిలో చాలా దూరం తీసుకెళ్లాడు. తుమ్మచెట్టు నీడన మంద కనిపించింది, బయట పుట్టిన దూడ కూడా ఉంది. అలవాటు కొద్దీ పిలిచాను. నా చేతి గడ్డి తిన్నవే, తలెత్తి చూసి, దూడతో సహా పరుగెత్తాయి.

"మనల్ని చూసి ఉరుకుతున్నయంటె ఇగ బతుకుతయి" అని సాలెం సంతోషపడ్డాడు. నాకు నవ్వు రాలేదు.

బావకు, కోరుట్ల పెద్దమ్మకు నా దండాలు చెప్పు. మా ఇంటామె పద్మకు కూడా ఒక మాట చెప్పు. ఎప్పుడన్నా ఫోను కలిసి వీడియోలో నన్ను చూస్తే చిన్నబిడ్డ భయపడి దాక్కుంటున్నది కదా, దాన్ని ఫోను ముందుకు లాగొద్దను. తనంతట తాను వచ్చినప్పుడే రానీ.

నీ దీవెన కోరే తమ్ముడు,
రాజేశం