ఉత్తగనే ఉరికే పొల్ల

నస్పూర్, 14 డిసెంబర్ 1993, రాత్రి

ఇయ్యాల పద్దెనిమిది కిలోమీటర్లు ఆగకుండ ఉరికిన. ఆదివారం కరీంనగర్ పోటీల ఇరవై ఒక్క కిలోమీటర్లు ఉరకాలె. ఎక్కడా ఆగొద్దన్నదే నా పంతం.

నేను ఉరుకుడు మొదలువెట్టిన మొదటిరోజు మూలమీది ఇంటి రాజవ్వ పిండిచేతులతోనే ఎదురొచ్చి, "బిడ్డా, బాయిల ఏమైంది?" అని అడిగింది. ఆమె కొడుకు అప్పుడు బాయిల షిఫ్టుల ఉండె. మా దిక్కు ఆడోళ్లు ఉరికిన్రంటే బొగ్గుబాయిల ఎవరికో ఏదో అయినట్టే. సిగ్గుతోని వారం దాకా బయటికి పోలే.

ఇయ్యాల ఆమె ఇల్లు వచ్చేసరికి నా కాళ్లు మొరాయించినయి. రాజవ్వ ఎదురింటామెకు చెప్తున్నది: "ఫికర్ జెయ్యకు, గీ పొల్ల ఉత్తగనే ఉరుకుతది." నా దిక్కు తిరిగి, "మెల్లగైనవేందే? ఇప్పుడు ఆగినవనుకో, ఏదో అయిందని భయపడ్తం. ఉరుకు."

ఉరికిన.

ఆదివారం రాజవ్వను గూడ కరీంనగర్ బస్సెక్కిస్తే... రేపు అడగాలె.