తడి గోనెపట్టాలు

2003 మే, బుధవారం రాత్రి

ఎండలో కబడ్డీ ప్రాక్టీసు పెట్టింది నేనే. మధ్యలో నీళ్లు తాగితే కడుపు బరువెక్కుతుందని పిల్లల్ని బెదిరించిందీ నేనే. పదకొండింటికి రజియా రెయిడుకు వెళ్లింది. ఎవరూ ముట్టుకోకుండానే కూత ఆగిపోయింది, తూలి పడింది. ఒళ్లు కాలిపోతోంది.

పక్క పొలంలో సుబ్బయ్యగారు పందెం ఎడ్లను నీడన కట్టి తడి గోనెపట్టాలు కప్పుతున్నారు. అవే పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. రజియాను నీడకు మోసుకెళ్లి, పట్టాలు కప్పి, బిందెలతో నీళ్లు పోస్తూ తువ్వాళ్లతో విసిరాం. కాసేపటికి కళ్లు తెరిచింది.

"ఎద్దంటే నోరులేని జీవం, మనమే కనిపెట్టి చూసుకోవాలి. ఈ పిల్లకి నోరుందిగా మాస్టారూ, దాహమని చెప్పలేదేం?" అన్నారాయన. ఎందుకో నాకు తెలుసు.

సాయంత్రానికి ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశారు. వెళ్లి చూస్తే పెరుగన్నం తింటోంది. హమ్మయ్య! రేపటి నుంచి ప్రాక్టీసు తెల్లవారుజామున ఐదింటికే, కోర్టు గీత పక్కనే నీళ్లకుండ అని చెప్పాను. అయినా ఇన్నేళ్లలో ఎంతమంది నోరు కట్టుకుని ఆడారో...

నేను లేవబోతుంటే రజియా మెల్లగా అంది: "సార్, ఆ మూలనున్న కుండలోంచి కాసిని మంచినీళ్లు ఇస్తారా?"

ముంచి ఇచ్చాను. పదహారేళ్ల ఉద్యోగంలో నన్ను నీళ్లడిగిన మొదటి పిల్ల.