ఇన్సూరెన్సు వాళ్ళ మీద అరవను

సోమవారం, ఉదయం
ఈ రోజు నుంచి ఇన్సూరెన్సు వాళ్ళ మీద అరవను. ఒట్టు! తమ్ముడి మందు కోసం ఎన్ని ఫోన్లు చేయాల్సి వచ్చినా సరే, తేనె పూసిన గొంతుతోనే మాట్లాడతాను. నాలుక కింద పెట్టుకునే ఆ మాత్ర పుణ్యమా అని వాడు ఆరు నెలలుగా వ్యసనమైపోయిన నొప్పి మాత్రల జోలికి పోలేదు. గ్యారేజీకి వెళ్తున్నాడు, తింటున్నాడు, నన్ను వెక్కిరిస్తున్నాడు. సొంత డబ్బుతో కొనగలిగే మందు కాదు, కానీ డబ్బాలో గురువారం దాకా ఉన్నాయి. బోలెడు సమయం!

సోమవారం, మధ్యాహ్నం
"ఈ మందు ఖర్చు మేం భరించడానికి ఇచ్చిన ముందస్తు అనుమతి గడువు అయిపోయిందండీ," అంది ఫోన్లో అమ్మాయి. డాక్టరు మళ్ళీ రాసి పంపాలట. థాంక్స్ చెప్పాను. రెండుసార్లు!

మంగళవారం
డాక్టరు గారు పంపారు.
"అందలేదండీ."
మళ్ళీ పంపారు.
"అందింది మేడమ్, కానీ వేరే విభాగానికి."
ఆ విభాగం వాళ్ళ పక్క బల్లేనట. అక్కణ్ణుంచి ఇక్కడికి రావడానికి రెండు రోజులు! నవ్వాను. అది నవ్వేనా అని నాకే అనుమానం.
తమ్ముడి నడుము ఆపరేషన్ తర్వాత ఆ నొప్పి మాత్రలు మాత్రం ఇదే కంపెనీ కిక్కురుమనకుండా ఇచ్చింది. అలవాటు కావడానికి అనుమతి అక్కర్లేదు, మానడానికి కావాలి. ఇలా అనుకోవడం కోపం కిందికి వస్తుందా? రాదేమో.

బుధవారం
అరవలేదు. గొంతు కాస్త పెంచాను, అంతే. లైను సరిగ్గా లేదు కదా!
తమ్ముడు మాత్రని సగానికి విరుస్తూ దొరికాడు.
"ఏంట్రా ఇది?"
"పొదుపక్కా."
చొక్కా వీపంతా చెమట. ఫ్యాను కిందే కూర్చున్నాడు.

గురువారం
తిరస్కరించారు! కారణం: రోగి నిలకడగా ఉన్నారు.
"ఆ మందు వల్లే కదమ్మా నిలకడగా ఉన్నాడు," అన్నాను. తేనె ఇంకా కొంచెం మిగిలింది.
"నిజమే మేడమ్. ఒకవేళ ఆయన మళ్ళీ నొప్పి మాత్రలు మొదలుపెడితే అత్యవసరం కింద వెంటనే ఇచ్చేస్తాం."
"అంటే ముందు పాడైపొమ్మంటారా? ఆ తర్వాత బతికుంటే ఫోన్ చెయ్యనా?"
"ఇంకేమైనా సహాయం కావాలా మేడమ్?"
అరిచాను. పక్కింటి కుక్క మొరగడం మానేసి విన్నది. నా నోట్లోంచి వచ్చిన మాటలు ఏ యూనివర్సిటీలోనూ చెప్పరు. పై అధికారి లైన్లోకి వచ్చాడు. ఆయనకీ అవే.

శుక్రవారం
అనుమతి వచ్చేసింది! ఒక్క నెలకి. మందుల షాపుకి పరుగెత్తాను.
మర్యాదకి నాలుగు రోజులు, అరుపుకి ఒక్క పూట. మరి సోమవారమే అరిచి ఉంటే? వాడు సగం మాత్రతో వణికింది నా మంచితనం కోసమా?
వాడితో అదే అన్నాను. మాత్ర నాలుక కింద ఉంది, కరిగేదాకా మాట్లాడకూడదు. నవ్వుతూ ఒక వేలెత్తి చూపించాడు. వాడు వెళ్ళే, వ్యసనం మానుకునేవాళ్ళ మీటింగుల్లో జారినవాళ్ళకి చెప్పేది అదే: ఒకటో రోజు, మళ్ళీ మొదలు.
సరే. ఈ రోజు నుంచి ఇన్సూరెన్సు వాళ్ళ మీద అరవను. ఒట్టు!
డబ్బాలో మాత్రలున్నంత వరకు.