అత్తమ్మ కాచిన కషాయం

శనివారం, ఇబ్రహీంపట్నం

మా ఆయన రక్తంలో క్రియాటినిన్ ఎందుకు పెరిగిందో ఈరోజు తెలిసింది. తన కిడ్నీ ఇచ్చి కొడుకును బతికించుకున్న అత్తమ్మే, బలమొస్తుందని నాకు తెలియకుండా రోజూ తిప్పతీగ కషాయం తాగించిందట.

డాక్టరుగారు కోప్పడలేదు. "తిప్పతీగతో రోగనిరోధక శక్తి పెరిగితే ఒళ్లు కొత్త కిడ్నీని పరాయిదనుకుని దాడి చేస్తుందమ్మా. అందుకే మందులతో ఆ శక్తిని అణిచి ఉంచుతున్నాం" అన్నారు.

అత్తమ్మ తెల్లబోయింది. "నేను కన్న కొడుకు పెయ్యికి నా కిడ్నీ పరాయిదెట్లయితది సారూ?"

డాక్టరుగారు చీటీ అందుకున్నారు. సోమవారానికి మళ్లీ రక్తపరీక్ష రాశారు. అప్పటికి తగ్గకపోతే...

ఆసుపత్రి నుంచి సాగర్ రోడ్డు పొడవునా అత్తమ్మను అనాల్సిన మాటలన్నీ కూడబెట్టుకుంటూ వచ్చాను. ఇల్లు చేరగానే ఆమె ప్రహరీ మీది తిప్పతీగను వేళ్లతో సహా పీకేసింది. ఆ తీగను నేనే ఎత్తి బయట పారేశాను.

రాత్రి మాత్రలు ఆమే ఇచ్చింది. ఆయన మింగేదాకా, తన నడుం పక్కనున్న కోత మచ్చను అరచేత్తో అదిమి పట్టుకుని నిలబడింది.