మిషన్ బెల్టు నా జేబులో ఉంది

మిషన్ బెల్టు కోసం వెతక్కు, నా జేబులో ఉంది. ఈ పూట నువ్వు కుట్టకపోతే కొంపలేం మునిగిపోవు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన బిళ్ళ అన్నం తినగానే వేసుకో. దాంతోపాటు నొప్పి బిళ్ళ మింగకు, రక్తం కారితే ఆగదట. వాచిన పిక్కని పక్కింటి పిన్ని చేత పిసికించుకోకు. లోపలి గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతుందని డాక్టరమ్మ నీ ముందే చెప్పింది. ఆయాసమొస్తే నాకోసం చూడకు, బండెక్కి ఆసుపత్రికి పో. అయినా నాన్న మాట ఈ ఇంట్లో ఎన్నడు చెల్లింది గనక!

మీ అన్న కూడా పిక్క పట్టేసిందనే అన్నాడు. పొద్దంతా లారీ తోలి వచ్చి మంచినీళ్ళడిగాడు. నేను గ్లాసు తెచ్చేసరికి ప్రాణం లేదు.

ఇంకోటి. రాత్రిళ్ళు నన్ను మంచినీళ్ళడక్కు, నువ్వే లేచి ముంచుకో. కాలికి నడకా అవుతుంది. నువ్వడిగినప్పుడల్లా గ్లాసు పట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోతున్నాను.